సానబండలో మూడో దెబ్బ

ఆ పొద్దున ముత్తయ్య చేయాలనుకున్నవి నాలుగే పనులు. మ్యూజియం గదులు రెండూ ఊడవాలి. పనిముట్లను నూనెగుడ్డతో తుడవాలి. ఊడిపోయిన చీటీలను గంజితో మళ్లీ అంటించాలి. పదకొండు గంటలకు వచ్చే అధికారికి తడబడకుండా అన్నీ చూపించాలి. రాయిని మోగించడం ఈ నాలుగింటిలో లేదు. ఆ తర్వాత ఎవరెన్నిసార్లు అడిగినా ఆయన ఈ మాటే చెప్పాడు.

అది అరవై రెండో సంవత్సరం, పుష్యమాసం. పెద్దపల్లికి రెండు కోసుల దూరంలో ఉన్న సానబండ ఊరు ఇంకా మంచులోనే ఉంది. ఊరి చివర గుట్ట, గుట్ట పక్కన క్వారీ. నిజాం కాలంలో రైలు వంతెనలకు ఇక్కడి నుంచే రాయి పోయింది. ముత్తయ్య అందులో ముప్పై ఏళ్లు హాజరీ గుమాస్తా. క్వారీ మూతపడి ఎనిమిదేళ్లయింది. తవ్విన గుంతలో నీళ్లు నిండి, పగలంతా ఆకాశం అందులో పడుకుని ఉంటుంది. మిగిలింది రెండు గదుల ఆఫీసు కట్టడం ఒక్కటే.

ఆ గదుల్లో ముత్తయ్య మూడేళ్లుగా ఒక్కొక్క వస్తువే తెచ్చి పెట్టాడు. సమ్మెటలు, ఉలులు, గడ్డపారలు, అరిగిపోయిన తోలుచెప్పులు. ఇక్కడి రాతితోనే చేసిన రోలు, ఇసుర్రాయి, సన్నెకల్లు, పశువులు నీళ్లు తాగే తొట్టి. ప్రతిదాని మీదా గుండ్రటి అక్షరాలతో ఒక చీటీ. గుమ్మం మీద ‘సానబండ రాతి పనుల మ్యూజియం’ అని బోర్డు. ఊరివాళ్లు మాత్రం దాన్ని ‘రాళ్ల అర్ర’ అనేవారు. ఎప్పుడైనా ఎవరైనా చూడటానికి వస్తే ముత్తయ్య ఒక ఉలి చేతిలోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టేవాడు. మాట మధ్యలో ఆ ఉలి పట్టిన మనిషి గుర్తొచ్చి, చూపు ఎటో పోయి, అలాగే నిలబడిపోయేవాడు. తేరుకునేసరికి వచ్చినవాళ్లు వెళ్లిపోయి ఉండేవారు.

పది రోజుల కిందట ఒక ఉత్తరం వచ్చింది. ఆ కట్టడాన్ని ఎరువుల గోదాముగా మార్చాలన్న ఆలోచన ఉందట. జలపతిరావు అనే అధికారి వచ్చి చూసి, మ్యూజియం వల్ల ప్రజలకు ఉపయోగం ఉందో లేదో తేలుస్తాడట. లేదని తేలితే వారంలో ఖాళీ చేయాలి. పాత ఇనుము కొనేవాడికి ఈ సంగతి ఎలా తెలిసిందో, అప్పుడే రెండుసార్లు వచ్చి సమ్మెటలను చేత్తో ఎత్తి చూసి పోయాడు.

అందుకే ముత్తయ్య, పొదల్లో పడి ఉన్న మోగే రాయిని ముందురోజు సాయంత్రం నలుగురి సాయంతో తీయించి, వాకిట్లో పాత ఇనుప దూలానికి గొలుసులతో వేలాడదీయించాడు. నిలువెత్తు నల్లరాయి అది. సుత్తెతో కొడితే కంచులా మోగుతుంది. క్వారీ నడిచిన రోజుల్లో ఊరికి గడియారం అదే, కొట్టేవాడు ముత్తయ్యే. ఒక్క దెబ్బ కొడితే పనికి రమ్మని. రెండు దెబ్బలైతే బువ్వకు. మూడు దెబ్బలైతే బండ పగలడానికి తూటాలు పేలుస్తున్నారు, ఉరికి గుట్ట కింది దాపులోకి పొమ్మని. పేలుళ్లు అయ్యాక మళ్లీ ఒక్క దెబ్బ పడితేనే బయటికి రావాలి. అయిదు దెబ్బలకు ఇళ్లకు.

తెల్లవారుజామున నూనెగుడ్డతో రాయిని తుడుస్తుంటే చేతికి మంచు తడి తగిలింది. ఇన్నేళ్లు మట్టిలో పడి ఉన్న రాయికి గొంతు ఉందో పోయిందో అనిపించింది ముత్తయ్యకు. చిన్న సుత్తె తీసుకుని, నిద్రపోతున్న పిల్లను తట్టినంత మెల్లగా ఒక్క దెబ్బ వేశాడు.

రాయి మెల్లగా మోగలేదు. ఆ మోత వాకిలి దాటి, నీటి గుంత మీదుగా జారి, మంచులో ఎటు పోవాలో తెలియనట్టు ఊరంతా తిరిగింది. ముత్తయ్య కళ్లు మూసుకుని, అది సన్నగిల్లి సన్నగిల్లి పోయేదాకా విన్నాడు. కళ్లు తెరిచేసరికి మంచులోంచి ఒక మనిషి నడిచి వస్తున్నాడు. భుజాన సమ్మెట ఉంది.

వచ్చింది రాజం. ముప్పై ఏళ్లు తూటాలకు మందు దట్టించి దట్టించి రెండు చెవులూ పోగొట్టుకున్నవాడు.

“ఏం ముత్తయ్యా, గుట్ట పని మల్ల షురువైందా?”

“లేదు రాజం! ఉత్తగనే కొట్టిన!” అని అరిచాడు ముత్తయ్య.

“కొత్తగనా? ఆఁ, కొత్తదాని లెక్కనే మోగింది.”

“నీకెట్ల వినబడ్డదయ్యా?”

ముత్తయ్య పెదాల కదలిక చూసి రాజం నవ్వాడు. “చెవులకు కాదు, మంచం కోళ్లకు వినబడ్డది. అవి నాకు చెప్పినయ్.”

రాజం వెనక ఇద్దరు, వాళ్ల వెనక నలుగురు. మంచులోంచి ఒక్కొక్కరే తేలి వస్తున్నారు. ఎవరూ తొందరపడటం లేదు, ఎవరూ మాట్లాడటం లేదు. సగం నిద్రలో ఎనిమిదేళ్ల కిందటి పొద్దులోకి అడుగుపెట్టినట్టు నడుస్తున్నారు. గంపలు, తట్టలు, తాళ్లు. శంకరవ్వ అనే ముసలమ్మ నేరుగా మ్యూజియంలోకి పోయి, గోడ మేకుకు వేలాడుతున్న చుట్టకుదురు తీసి నెత్తిన పెట్టుకుంది. దాని కింద ‘రాళ్లు మోసే స్త్రీలు వాడినది’ అని చీటీ ఉంది.

“శంకరవ్వా, గది ముట్టొద్దు! చూసేతందుకు పెట్టింది!”

“నా నెత్తిమీదిదే గదనే ముత్తన్నా. ముప్పై ఏండ్లు మోసిన. గింత సేపు పెట్టుకుంటే అరుగుతదా?”

ఎండ పొడ రాకముందే వాకిట్లో అరవై మంది అయ్యారు. క్వారీ తెరవడం లేదని ముత్తయ్య ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాడు. ఇవాళ వేరే పని ఉందని, అందరూ ఇళ్లకు పోవాలని బతిమాలుతూ, “జర సమజ్ చేసుకోండ్రి, పదకొండు గంటలకు సారు వస్తుండు” అన్నాడు.

అనకూడని మాట అదే.

“సారు వస్తుండట!” అన్నారు ముందున్నవాళ్లు. “పనిచ్చేతందుకు సారు వస్తుండట!” అన్నారు మధ్యవాళ్లు. చివరి వరుసకు చేరేసరికి సారు ఇద్దరయ్యారు, వెనక లారీ కూడా వస్తోంది. వాగు అవతలి గూడెం నుంచి మరో ఇరవై మంది బయలుదేరారు.

ముత్తయ్యకు ఒక్క దారే తోచింది. అయిదు దెబ్బలు కొడితే అందరూ అలవాటుగా ఇళ్లకు పోతారు. సుత్తె తీసుకుని ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు. మూడోదానికి చెయ్యెత్తేసరికి శంకరవ్వ వచ్చి మణికట్టు పట్టుకుంది. రాళ్లు మోసిన చెయ్యి అది, విడిపించుకోవడం అయ్యే పని కాదు.

“సారు రాకముందే ఇంటికి పొమ్మని కొడ్తున్నవా? మంచిగున్నది నీ కథ!”

అలా రెండు దెబ్బలే మిగిలాయి. ఎనభై మందీ ఉన్నచోటనే బువ్వకు కూర్చున్నారు.

కూర్చున్నాక తెలిసింది, ఎవరూ సద్ది తెచ్చుకోలేదని. దగ్గరి ఇళ్ల నుంచి జొన్నపిండి వచ్చింది, పచ్చిమిరపకాయలు వచ్చాయి, ఎండుకట్టెలు వచ్చాయి. పొయ్యిలకు గుంతలు కావాలంటే మ్యూజియంలోంచి గడ్డపారలు వచ్చాయి. పిండి చాలక జొన్నలు విసరాలంటే ఇసుర్రాయి వచ్చింది. తొక్కు నూరడానికి సన్నెకల్లును ఇద్దరు ఎత్తుకొచ్చారు. మనుషుల వెంట వచ్చిన బర్రెలకు దూప అవుతోందని నలుగురు తొట్టిని దొర్లించుకొచ్చి నీళ్లు నింపారు. చీటీలు పొయ్యి అంటించుకోవడానికి బాగా పనికొచ్చాయి. ఒక్క చీటీ మాత్రం సన్నెకల్లు అంచుకు గట్టిగా అంటుకుని ఉండిపోయింది. ‘దయచేసి ముట్టుకోరాదు’ అన్న ఆ అక్షరాల మీదికి ఉప్పూ మిరపకాయా చింది పడుతున్నాయి.

ముత్తయ్య ఆ గది నుంచి ఈ గదికి, ఈ గది నుంచి ఆ గదికి పరుగెత్తాడు. రెండూ ఖాళీ. మూడేళ్ల కష్టం వాకిట్లో రొట్టెలు చేస్తోంది. ఏడుపు రావలసినంత పని. కానీ గుమ్మంలోకి వచ్చి నిలబడితే, పొగా మంచూ కలిసిన తెల్లదనంలో ఎవరో ఉలి పట్టుకుని రాయి చెక్కడం మొదలుపెట్టారు. టక్, టక్, టక్. ఆ చప్పుడు ఆయన ఎనిమిదేళ్లుగా కలలోనే వింటున్నాడు. కాళ్లు ఆగిపోయాయి. తనకు తెలియకుండానే, చేతిలో పుస్తకం లేకుండానే హాజరీ పిలవడం మొదలుపెట్టాడు.

“అంతయ్య!”

“ఉన్న!”

“బాలమల్లు!”

“ఉన్న!”

కొన్ని పేర్లకు జవాబు రాలేదు. ఆ పేరుగల మనుషులు ఇప్పుడు లేరు. ముత్తయ్య అక్కడ కొంచెం ఆగి, మరో పేరుకు పోయాడు. యాదవ్వ దాకా వచ్చేసరికి, గంట ముందుగానే, వాకిట్లో జీపు ఆగింది.

జలపతిరావుకు నలభై ఏళ్లుంటాయి. ఆ రోజు మూడు ఊళ్లు చూడాలని నాలుగింటికే లేచి బయలుదేరాడు. తెల్లటి పాంటు, చంకలో ఫైలు, కళ్లలో నిద్ర. డ్రైవర్ కొండల్ జీపు ఇంజన్లో పోయడానికి నీళ్లు తెస్తానని డబ్బా పట్టుకుని గుంత వైపు దిగిపోయాడు.

“మ్యూజియం ఏదయ్యా?” అన్నాడు జలపతిరావు.

ముత్తయ్య చెయ్యి గది వైపు లేచి, మధ్యలో దిగి, వాకిలి వైపు తిరిగింది. “గిదే సార్. జర గాలికి... బయట పెట్టినం.”

అధికారి గదిలోకి తొంగి చూశాడు. నాలుగు గోడలు, ఒక మేకు. వాకిట్లోకి చూశాడు. ఎనభై మంది, ఆరు పొయ్యిలు, మూడు బర్రెలు. ఫైలు తెరిచి కలం మూత తీశాడు.

“సారూ, పని ఎన్నడు షురువు చేస్తరు?” అని అడిగింది శంకరవ్వ.

“ఏం పని?”

“గుట్ట పని!”

“గుట్ట పని లేదు, ఏం లేదు. ఇక్కడ ఎరువుల గోదాము పెట్టాల్నా వద్దా అని చూసేతందుకు వచ్చిన.”

శంకరవ్వకు ఆ మాట సగమే వినపడింది. “గోదాము కట్టాల్నంటే రాయి కావాలె గద!” అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. వాకిలంతా సంతోషపడింది.

ముత్తయ్య అధికారి మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. మూడేళ్లుగా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పైకి రాలేదు. ఆ చూపు తప్పించుకోవడానికన్నట్టు జలపతిరావు పక్కకు తిరిగాడు. ఎదురుగా నల్లరాయి వేలాడుతోంది.

“ఇదేంది?”

“మోగుతది సార్,” అన్నాడు ముత్తయ్య.

“రాయి మోగుతదా?”

అధికారి సుత్తె తీసుకుని ఒకటి కొట్టాడు. వాకిట్లో ఎనభై తలలు లేచాయి. కొందరు రొట్టె పక్కన పెట్టి లేవబోయారు. ఆ మోత జలపతిరావు మొహంలో నిద్రను కడిగేసినట్టయింది. చిన్నపిల్లాడిలా నవ్వి రెండోది కొట్టాడు. బువ్వకన్నమాట, అనుకుని లేచినవాళ్లు కూర్చున్నారు.

“సార్, మల్ల కొట్టకుండ్రి...” అన్నాడు ముత్తయ్య.

మూడోది అప్పటికే పడింది.

ఆ క్షణంలో ఎవరేం ఆలోచించారని తర్వాత అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఆలోచించింది కాళ్లు. ఎనభై మందీ ఒక్క ఊపున లేచి గుట్ట కింది దాపు వైపు ఉరికారు. బర్రెలు వాళ్ల కన్నా ముందు ఉరికాయి. రాజం “మందు! మందు!” అని అరుస్తూ చేతులూపాడు. ఎందుకో అర్థంకాక నిలబడ్డ అధికారిని శంకరవ్వ మోచెయ్యి పట్టి గుంజింది. ఫైలు ఎగిరి పొయ్యి పక్కన పడింది. తెల్లపాంటు రాతి మొనకు తగిలి మోకాలి దాకా చిరిగింది. ముత్తయ్య కూడా ఉరికాడు. ఎందుకు ఉరుకుతున్నాడో తెలిసేసరికి దాపులో ఉన్నాడు.

దాపు అంటే గుట్ట అడుగున ముందుకు పొడుచుకు వచ్చిన పెద్ద బండ, దాని కింద చీకటి. అందరూ మోకాళ్లు ముడుచుకుని, తలలు వంచుకుని కూర్చున్నారు.

“ఏమైంది?” అన్నాడు జలపతిరావు గుసగుసగా.

“తూటాలు పేలుస్తుండ్రు సార్,” అన్నాడు పక్కనున్న బాలమల్లు.

“ఎవరు?”

బాలమల్లు ఆలోచించాడు. “ఎవరూ లేరు.”

“క్వారీ బంద్ అయి ఎనిమిదేండ్లాయె కదా!”

“ఔ సార్.”

“మరి బయటికి పోదాం పాండ్రి.”

ఎవరూ కదల్లేదు. శంకరవ్వ ఆయన మోచెయ్యి వదల్లేదు. “మందు లేదని మాకు ఎర్క లేదా సారూ? ఎర్కనే. కని మూడు కొట్టినంక మల్ల ఒకటి కొట్టేదాకా బయటికి పోవద్దు.”

“ఎవరు కొట్టాలె?”

అందరూ ముత్తయ్య వైపు చూశారు. ముత్తయ్య లేవబోయాడు. వెంటనే అయిదారు చేతులు ఆయన్ని కింద కూర్చోబెట్టాయి.

“అరె, కొట్టేటోన్ని నేనే గదా!”

“కొట్టకముందు నువ్వెట్ల పోతవ్?” అంది శంకరవ్వ.

వెనకటికి రాయి పక్కనే బండలు పేర్చి కట్టిన చిన్న గూడు ఉండేది. ముత్తయ్య అందులోనే కూర్చుని, పేలుళ్లు అయ్యాక చెయ్యి చాచి కొట్టేవాడు. ఆ గూడు కూలి నాలుగేళ్లయింది. ఇప్పుడు కొట్టవలసినవాడు లోపల ఉన్నాడు, రాయి బయట ఉంది.

జలపతిరావుకు కోపం వచ్చింది. “ఇదేం పిచ్చి? లేని తూటాకు భయపడుడేంది? మీలో ఒక్కరికన్న...”

“మా ఆయన గట్లనే అన్నడు సారూ,” అంది శంకరవ్వ.

ఆమె గొంతు పెద్దగా లేదు. అయినా దాపంతా వినపడింది.

“ఓదెలు ఆయన పేరు. ఆనాడు నాలుగు తూటాలు పెట్టిండ్రు. మూడు పేలినయ్. నాలుగోది నెమ్ముకున్నది, పేలది అనుకున్నరు. బయట బండ మీద నేను పెట్టిన సద్దిమూట ఉండె. కుక్కొచ్చి గుంజుతుంది. ముత్తన్న ఇంక ఒకటి కొట్టలే. ‘ఏం గాదు తియ్, ఇప్పుడే వస్త’ అని ఉరికిండు.” ఆమె నెత్తిమీది చుట్టకుదురు సర్దుకుంది. “జొన్న రొట్టె సారూ. రెండు జొన్న రొట్టెలు, తొక్కు. అంతే.”

ముత్తయ్య తల ఎత్తలేదు. ఆనాడు సుత్తె ఆయన చేతిలోనే ఉంది. కొట్టనందుకు ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు, పట్టడానికి తప్పు లేదు కూడా. అయినా ఆ గదుల్లో అన్నేళ్ల వస్తువులు ఏరి పెట్టినవాడు, ఎందుకు పెడుతున్నావంటే ఎవరికీ సరిగా చెప్పలేకపోయినవాడు, ఇప్పుడు కాళ్ల దగ్గరి రాతిముక్కలను ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు.

జలపతిరావు ఇంక బయటికి పోదామనలేదు. చిరిగిన మోకాలి మీద చెయ్యి పెట్టుకుని సర్దుకుని కూర్చున్నాడు. బయట మంచు విడిపోతోంది. బండ అంచు నుంచి నీటిబొట్లు ఒక్కొక్కటే ఎండలో మెరిసి రాలుతున్నాయి. గుంత మీద నీలిరంగు పిట్ట ఒకటి నీళ్లను తాకి లేచింది. ఎవరో ఆనాటి రాళ్ల సంగతి మెల్లగా చెబుతున్నారు. ఏ బండకు ఏ పేరు పెట్టుకున్నారో, గోదావరి మీది వంతెనకు పోయిన దిమ్మె లేచిన రోజు ఎంతమంది పాడారో. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. లోపల అంతమంది మధ్య వెచ్చగా ఉంది. నాలుగింటికే లేచిన జలపతిరావు తల వాలింది, లేచింది, మళ్లీ వాలి శంకరవ్వ భుజం మీద ఆగింది. కాసేపటికి సన్నగా గురక వినపడింది.

డబ్బా నింపుకుని, ఎండలో ఒక బీడీ కాల్చుకుని కొండల్ తీరిగ్గా పైకి వచ్చేసరికి వాకిట్లో పురుగు లేదు. పొయ్యిల మీద రొట్టెలు మాడుతున్నాయి. సారు ఫైలు కింద పడి ఉంది, సారు లేడు. కొండల్ “సారూ!” అని రెండు కేకలు వేశాడు. గుట్ట తన గొంతునే తిరిగి ఇచ్చింది. భయమేసి, కనపడ్డ సుత్తె తీసుకుని రాయిని గట్టిగా ఒక్కటి కొట్టాడు.

దాపులోంచి జనం నవ్వుకుంటూ బయటికి వచ్చి, నేరుగా తమ తమ రొట్టెల దగ్గరికి పోయారు.

జలపతిరావుకు మెలకువ వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. దాపులో ఇద్దరే ఉన్నారు. శంకరవ్వ భుజం కదల్చకుండా, చుట్టకుదురు నెత్తినే పెట్టుకుని, బండకు ఆనుకుని కూర్చుని ఉంది.

“అందరు ఎటు పోయిండ్రు?”

“ఎప్పుడో పోయిండ్రు సారూ. నిన్ను లేపబుద్ధి కాలే.”

వాకిట్లో ఆయనకు రెండు జొన్న రొట్టెలు పెట్టారు. తొక్కు కోసం సన్నెకల్లు దగ్గరికి పోయిన అధికారి, దాని అంచున ఉన్న చీటీ చదివాడు. “ముట్టుకోరాదు అని ఎవరు రాసిండ్రు? ‘వాడినోళ్లు కడిగి పెట్టవలెను’ అని రాయాలె,” అన్నాడు నోట్లో ముద్దతోనే. ముత్తయ్య వెంటనే బొగ్గు తీసుకుని అలాగే రాశాడు. జలపతిరావు మూడో రొట్టె కూడా తిన్నాడు.

తిన్నాక ఫైలు గుర్తొచ్చింది. చూడవలసిన ఊళ్లు ఇంకా రెండున్నాయి. రెండు గంటల ఆలస్యమైంది, పాంటు చిరిగింది. పై ఆఫీసుకు ఏం రాయాలి? లేని పేలుడుకు భయపడి ముసలమ్మ భుజం మీద నిద్రపోయానని రాయలేడు. జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని చాలాసేపు ఆలోచించి మొదటి వాక్యం రాశాడు: ‘సానబండ క్వారీలో పేలుడు హెచ్చరిక జారీ అయినందున, నిబంధనల ప్రకారం సురక్షిత స్థలంలో వేచి ఉండవలసి వచ్చినది.’

అది రాశాక రెండో వాక్యం దానంతటదే వచ్చింది: ‘సదరు కట్టడం పేలుళ్ల పరిధిలో ఉన్నందున ఎరువుల నిల్వకు ఎంతమాత్రం పనికిరాదు.’

మ్యూజియం వల్ల ప్రజలకు ఉపయోగం ఉందా అన్న ప్రశ్న దగ్గర కలం కాస్త ఆగింది. ఆయన వాకిట్లోకి చూశాడు. ఒకామె ఇసుర్రాయి తిప్పుతోంది. ఒకాయన ఉలికి పదును పెడుతున్నాడు. బర్రె తొట్టిలో మూతి పెట్టి ఉంది. ‘ప్రజలు విశేషంగా ఉపయోగించుకుంటున్నారు’ అని రాసి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం ముత్తయ్య అయిదు దెబ్బలు కొట్టాడు. ఈసారి ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. పని దొరకలేదని కొందరు కాస్త చిన్నబుచ్చుకున్నా, బుద్ధిగా రోలూ తొట్టీ లోపల పెట్టి ఇళ్లకు పోయారు. శంకరవ్వ అందరికన్నా చివర వచ్చి, చుట్టకుదురును తన చేత్తోనే మేకుకు తగిలించి, “రేపు మల్ల కొడ్తవా ముత్తన్నా?” అని అడిగింది.

“ఎందుకు?”

“ఉత్తగనే.”

ముత్తయ్య కొట్టాడు. ఆ మర్నాడే కాదు, ఆ ఏడాదంతా పొద్దున ఒకటి, సాయంత్రం అయిదు కొట్టాడు. పని లేకపోయినా ఒకరిద్దరు వచ్చి వాకిట్లో కూర్చునేవారు. ముత్తయ్య చెప్పడం మధ్యలో ఆగిపోతే మిగతాది వాళ్లు చెప్పేవారు. చూడటానికి వచ్చినవాళ్లు ఇప్పుడు మధ్యలో లేచిపోవడం లేదు.

ఏడాది చివర, నడుస్తున్న క్వారీలన్నిటి మీద పై ఆఫీసు వాళ్లు అచ్చువేసిన నివేదిక ప్రతి ఒకటి సానబండకూ వచ్చింది. ఒక్క రాయి కూడా పగలని ఆ క్వారీని, సంవత్సరం పొడవునా ఒక్క ప్రమాదమైనా లేకుండా నడిపినందుకు అందులో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.